నిండు బండి మోగదు

నిండు కుండ తొణకదని పెద్దలన్న మాట సరకుల బండ్ల విషయంలోనూ నిజమే. తెల్లవారుజామున బరువుతో మార్కెట్టుకు బయలుదేరినపుడు మౌనంగా సాగిపోయిన చిన్న ట్రక్కు, మధ్యాహ్నం ఖాళీగా తిరిగి వచ్చేటపుడు వీధి మలుపులోనే తన రాకను చాటుకుంటుంది. ఆ దడదడలో అధికభాగం ఇంజనుది కాదు, వెనుక తలుపుది. డ్రైవరు చెవులు కొద్ది రోజులలోనే దానికి అలవాటు పడతాయి. యజమాని మాత్రం, ‘బరువు వేస్తే అదే ఆగుతుంది గదా!’ అని సమాధానపడతాడు. ఆ సమాధానంలోనే ప్రమాదం దాగి ఉన్నది.

ఖాళీ బండి ఎందుకు మోగుతుందో గ్రహిస్తే ఈ సంగతి బోధపడుతుంది. సరకుల బండి వెనుక భాగంలోని కమాను పట్టీలు పూర్తి బరువును మోయడానికి తయారైనవి. బరువు లేనపుడు అవి బిగుసుకుని ఉండి, ప్రతి గుంత దెబ్బనూ నేరుగా బాడీకి అందిస్తాయి. మడతబందులలోను, గడియలోను కాస్త వదులు ఉంటే చాలు, తలుపు ఆ మేరకు ఊగి చట్రానికి కొట్టుకుంటుంది. సరకు నింపగానే పట్టీలు వంగి దెబ్బను మింగుతాయి. సరకు తలుపును వెలుపలికి నెట్టి ఆ వదులును ఒకవైపుకు అదిమి ఉంచుతుంది. చప్పుడు ఆగిపోతుంది. అరుగుదల మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

అంటే అపాయం లేని వేళ తలుపు అరుస్తుంది, అపాయం ఉన్న వేళ నోరు మూసుకుంటుంది. 750 కిలోల సరకుతో ఒక బండి పది అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే ఎత్తు ఎక్కుతున్నదనుకుందాం. ఆ సరకు సుమారు 75 కిలోల బలంతో వెనుకకు జారజూస్తుంది. అడుగు రేకు రాపిడి, కట్టిన తాళ్లు అందులో కొంతో అంతో ఆపవచ్చును. అయితే ఇసుక, ధాన్యం, విడిగా పోసిన ఉల్లిగడ్డల వంటివి చదును నేలపై కూడా తలుపును నెడుతూనే ఉంటాయి. క్లచ్చు ఒక్కసారి ఎగదన్నినా ఆ ఒత్తిడి క్షణకాలం మరింత పెరుగుతుంది. అరిగిన గడియ ఆ క్షణంలో జారితే సరకు రోడ్డుపాలు కావడం ఒక్కటే నష్టం కాదు. వెనుక వస్తున్న మోటారు సైకిలు మనిషి గతి ఏమిటి?

2005లో టాటా ఏస్ రంగప్రవేశం చేసి ‘ఛోటా హాథీ’ అనే ముద్దుపేరు సంపాదించుకున్న నాటి నుండి ఇటువంటి చిన్న బండ్లు దేశమంతటా విస్తరించాయి. లాసల్‌గావ్ ఉల్లి మార్కెట్టుకైనా, మదనపల్లె టమాటా మార్కెట్టుకైనా వీటి రాకపోకలు నిత్యకృత్యం. చాలా చోట్ల యజమానే డ్రైవరు. ఒక రోజు బండిని షెడ్డులో నిలిపితే ఒక రోజు కూలి పోయినట్లే. మరమ్మతు వాయిదా పడడానికి బద్ధకం కంటె ఈ లెక్కే ముఖ్య కారణం. నిజానికి తొలిదశలో పట్టుకుంటే ఈ పని సగం పూటలో తీరుతుంది.

ముందుగా చప్పుడు పుట్టిన చోటు తెలియాలి. ఖాళీ బండిని చదును నేలపై నిలిపి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు ఆనించాలి. గడియలు వేసి ఉండగా తలుపును ఒక్కొక్క మూల పట్టుకుని కదపాలి. పైకి క్రిందికి ఆడితే లోపం మడతబందులలోను, వాటి పిన్నులలోను ఉన్నది. ముందుకు వెనుకకు ఆడితే గడియను శంకించాలి. ఎటూ కదలక, అరచేతితో చరిస్తే బోలుగా మ్రోగితే ఆ శబ్దం రేకుదే. గలగల వినిపిస్తే వ్రేలాడే గొలుసు గాని, వదులైన నంబరు ప్లేటు గాని, రెండు రేకుల నడుమ చిక్కిన గులకరాయి గాని కారణం కావచ్చును. అప్పటికీ అంతుపట్టకపోతే, అనుమానం ఉన్న చోట పాత ట్యూబు ముక్క దూర్చి అదే గతుకుల దారిలో ఒకసారి నడిపి చూడాలి. ఒక్కొక్క చోటనే దూర్చాలి. అన్ని సందులూ ఒకేసారి మూసివేస్తే చప్పుడు ఆగవచ్చు గాని దోషి దొరకడు. గొలుసుకు సైకిలు ట్యూబు తొడగడం అనే పాత ఉపాయం మాత్రం నేటికీ భేషైనదే.

రేకు మోత విషయం కొంత ఆసక్తికరమైనది. అంచులలో బిగించి నడుమ వదిలివేసిన పలుచని రేకు ఒక రకమైన వాద్యమే. కచేరీకి ముందు మృదంగ విద్వాంసుడు ఎడమ ముఖానికి రవ్వ ముద్ద అద్దుతాడు. చర్మంపై చేరిన ఆ కొద్ది బరువు శ్రుతిని దించుతుంది. కుడి ముఖంపై నల్లని పూత నాదాన్ని ఎట్లు తీర్చిదిద్దుతుందో సి.వి. రామన్ 1920లోను, తిరిగి 1934లోను ప్రకటించిన పరిశోధనలలో వివరించాడు. ట్రక్కు తలుపుకు కావలసినది నాదం కాదు, నిశ్శబ్దం. అందుకు తారు పదార్థంతో చేసిన అతుకు పలకలు దొరుకుతాయి. ఇవి రేకు కంపనాన్ని తమలో ఇముడ్చుకొని వేడిగా మార్చివేస్తాయి. రేకు అంతటా పరచనక్కరలేదు. ఊపు ఎక్కువగా ఉండే నడిమి భాగంలో, శుభ్రం చేసి ఆరిన లోపలి వైపున అంటిస్తే చాలు. క్రింది అంచులో నీరు పోవడానికి ఉన్న రంధ్రాలు మూసుకుపోరాదు. నివాస ప్రాంతాలలో రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు శబ్దం 45 డెసిబెల్స్ మించరాదని 2000 సంవత్సరపు నియమాలు చెబుతున్నాయి. వేకువనే పాలు, కూరగాయలు తెచ్చే బండి వల్ల నిద్ర చెడిన వీధివారికి ఆ అంకెతో పనిలేదు, వారి ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే.

లోపం పిన్నులలోనో, రేకులోనో ఉన్నదని తేలితే తలుపును ఊడదీయక తప్పదు. ఇది ఒక్కరు చేసే పని కాదు. ఉక్కు ఘనమీటరుకు సుమారు 7,850 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన మీటరున్నర పొడవు, 40 సెంటీమీటర్ల ఎత్తు, 2 మిల్లీమీటర్ల మందం గల రేకు ఒక్కటే 9 కిలోలు దాటుతుంది; చట్రం, మడతబందులు, గడియలు దానికి అదనం. తలుపుకు దీపం గాని కెమెరా గాని ఉంటే ముందుగా వాటి తీగను విడదీయాలి. ఇద్దరు రెండు కొనలు పట్టుకున్న తరువాతనే గొలుసులు తప్పించి, స్ప్లిట్ పిన్నులు లాగి, మడతబందుల పిన్నులను చివరగా బయటికి తట్టాలి. తలుపు పడే దారిలో ఎవరి కాలూ ఉండరాదు. కొన్ని పికప్ ట్రక్కులలో పిన్నులు తీయనక్కరలేదు. తలుపును సగం వంచి, ఒక కొనను గాడిలో నుండి ఎత్తి, రెండవ కొనను ప్రక్కకు జరిపితే ఊడివస్తుంది.

బయటికి వచ్చిన పిన్నును చూస్తే కథ అంతా తెలుస్తుంది. నడుమ సన్నబడి నడుము వచ్చి ఉంటుంది. అది తిరిగిన రంధ్రం గుండ్రతనం పోయి కోడిగుడ్డు ఆకారం దాల్చి ఉంటుంది. పలువురు ఇక్కడ కొత్త పిన్ను వేసి ఊరుకుంటారు. కోడిగుడ్డు రంధ్రంలో కొత్త పిన్ను కొద్ది నాళ్లు మాత్రమే మౌనం పాటిస్తుంది. రంధ్రాన్ని వెల్డింగుతో నింపి తిరిగి తొలిపించడమో, బుష్షు వేయించడమో సరియైన మార్గం. మడతబందులన్నీ ఒకే సరళరేఖలో ఉండాలి. ఒకటి ప్రక్కకు పోయినా తలుపు బిగుసుకుంటుంది, గడియ పడదు. డ్రైవరు రాయి అందుకుని లివరుపై మోదుతాడు. దానితో గడియ వంగి రెండవ జబ్బు మొదలవుతుంది. గ్రీజు పూయడం మంచిదే, అది అరుగుదలను మందగింపజేస్తుంది. అరిగిపోయిన ఇనుమును మాత్రం తిరిగి తెచ్చి ఇవ్వదు.

తలుపును ఊడదీసి వెల్డింగు చేయడంలో మరొక మేలు ఉన్నది. నిప్పురవ్వలు బండికి, ఇంధనపు ట్యాంకుకు దూరంగా పడతాయి. తలుపు బండిపైనే ఉండగా చేయవలసివస్తే బ్యాటరీ నెగటివ్ తీగ తప్పనిసరిగా విప్పాలి. నేటి బండ్లలోని ఎలక్ట్రానిక్ పరికరాలు ఆ విద్యుత్తును ఓర్చుకోలేవు. జింకు పూత ఉన్న రేకును అట్లే కాలిస్తే తెల్లని పొగ వస్తుంది. దానిని పీల్చిన వెల్డరుకు కొన్ని గంటల తరువాత చలిజ్వరం రావచ్చును. పూతను ముందుగా గీకివేసి, ఆరుబయట పని చేయాలి. తారు పలకలు అంటించడం వెల్డింగు ముగిసిన తరువాతి మాట, ముందుగా అంటిస్తే నిప్పంటుకుంటుంది. తుప్పుపట్టిన చోట చిన్న సుత్తితో తట్టి, గట్టి రేకు తగిలేవరకు కత్తిరించి అతుకు వేయించాలి. తుప్పుపై పుట్టీ పూసి రంగు వేసే అందం తొలి వానకే ఊడుతుంది.

తలుపు ఆనే చోట రబ్బరు బుడిపెలు కొత్తవి వేయాలి. పాత టైరు ముక్కలైనా పనికివస్తాయి. స్పాంజి పనికిరాదు, అది నీరు పీల్చుకుని క్రింది ఇనుమును తినివేస్తుంది. గడియ వేసినపుడు రబ్బరు కొద్దిగా నలగాలి. లివరు కుదుపుకు ఎగిరిపడకుండా దానికి అడ్డంగా ఒక పిన్ను, ఆ పిన్ను పోకుండా చిన్న గొలుసు ఉండడం అవసరం. మరమ్మతు ముగిసే దాకా తలుపు లేకుండా సరకు రవాణా చేయడం, లేదా తలుపును వ్రేలాడదీసి పొడవైన ఇనుప చువ్వలు మోయడం కూడని పని. వ్రేలాడే తలుపు కొన్ని బండ్లలో నంబరును, వెనుక దీపాలను కప్పివేస్తుంది. హద్దు మించి వెలుపలికి పొడుచుకువచ్చిన సరకుకు 2019 నాటి చట్ట సవరణ 20,000 రూపాయల జరిమానా విధించింది.

తిరిగి బిగించిన తలుపును మొదట ఖాళీ బండితో, మునుపు మోగిన ఆ గతుకుల దారిలోనే నడిపి చూడాలి. తరువాత బరువుతో కొన్ని కిలోమీటర్లు వెళ్లి ఆపి, గడియలను చేతితో తడిమి చూడాలి. కొత్త బుష్షులు, కొత్త రబ్బరు కొద్ది రోజులలో సర్దుకుంటాయి గనుక వారం తిరిగేలోపు గడియ బోల్టులను మరొకసారి బిగించవలసి ఉంటుంది.