సుగ్గి బండి ఎక్కేముందు

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల వయసువారిని తీసుకుంటే, దాదాపు 150 మందికి ఒకరు హెచ్‌ఐవీతో జీవిస్తున్నారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2021 అంచనాల్లో మన రాష్ట్రానిది 0.67 శాతం, దేశం మొత్తానిది 0.21 శాతం. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తర్వాత నాలుగో పేరు మనదే.

ఈ అంకె ఇంత పెద్దగా ఉండటానికి ఒక మంచి కారణం కూడా ఉంది. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపుచేసే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు తొలి విడతలో ఉన్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఆ మందులు వేసుకుంటున్నవాళ్లు బతికి ఉన్నారు, పనులకు పోతున్నారు, పిల్లల పెళ్లిళ్లు చేస్తున్నారు. అందుకే లెక్కలో ఉన్నారు. దేశంలో కొత్తగా సోకేవారి సంఖ్య కూడా 2010తో పోలిస్తే 2021 నాటికి 46 శాతం తగ్గింది. నన్ను కలవరపెడుతున్నది ఈ తగ్గుదల విని మనం ఏంచేశామన్నది. మాట్లాడటం మానేశాం.

2000 దశకం మొదట్లో ఎయిడ్స్ అవగాహన ప్రచారంలో భాగంగా ఊరూరా హోర్డింగుల మీద పులిరాజా అనే పాత్ర కనిపించేది. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అన్న ప్రశ్న బస్సుల్లో, టీ కొట్ల దగ్గర అందరి నోళ్లలో నానింది. ఆ ప్రచారం మీద నాకు అభ్యంతరాలున్నాయి, అయినా జనం ఆ జబ్బు పేరు పైకి పలికారు. ఇవాళ ఇరవై ఏళ్లున్న కుర్రాడికి పులిరాజా ఎవరో తెలియదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, హెచ్‌ఐవీ ఎలా సోకుతుంది, ఎలా సోకదు అన్నది సరిగా చెప్పగలిగినవారు దేశంలో స్త్రీలలో 21.6 శాతం, పురుషులలో 30.7 శాతం.

కర్నూలు జిల్లా పడమటి మండలాలను చూడండి. కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం, ఆలూరు, ఆస్పరి. వానలు మోసం చేస్తే, చేయకపోయినా, ఖరీఫ్ పంట చేతికొచ్చాక ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు పత్తి తీయడానికి, బెంగళూరుకు కట్టడాల పనికి. నెలల తరబడి చేల గట్ల మీద పట్టాల గుడారాల్లో ఉంటారు. సుగ్గికి పోవడమే జబ్బు తెస్తుందని ఎవరూ అనుకోవద్దు, ఆ మాట ఆ కూలీలకు అన్యాయం. వలస చేసే నష్టం వేరు. పరీక్షకు, మందుకు మనిషి ఒకచోట ఉండాలి. సుగ్గి మనిషిని ఒకచోట ఉండనివ్వదు.

ఏఆర్‌టీ మాత్ర రోజుకొకటి, తప్పకుండా వేసుకోవాలి. క్రమంగా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువకు పడిపోతుంది. అలా ఉన్నంతకాలం లైంగికంగా ఎదుటివారికి సోకదు. ఐరోపాలో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి, మరొకరికి లేని 888 జంటలను గమనించిన పార్ట్‌నర్ అధ్యయనం 2016లో వెలువడింది. వీరు కండోమ్ లేకుండా కలిసినవారే. మందులతో వైరస్ అదుపులో ఉన్న భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదు. ఇంత బలమైన మందు మన సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతోంది. కానీ పది కుటుంబాలు కలిసి పడుకునే గుడారంలో ఆ సీసా ఎక్కడ దాచుకోవాలి? కూలీలను తీసుకుపోయే మేస్త్రీకి తెలిస్తే వచ్చే ఏడు పిలుస్తాడా? ఈ భయంతోనే మాత్రలు ఇంట్లో వదిలిపెట్టి పోతారు. తిరిగొచ్చేసరికి వైరస్ మళ్లీ పెరిగి ఉంటుంది.

ఇక ఇంట్లో ఆడమనిషి సంగతి. రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని ఆ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అలాంటి పిల్లకు జీవితంలో మొదటి హెచ్‌ఐవీ పరీక్ష కడుపుతో ఉన్నప్పుడు ఏఎన్‌ఎం చేయించేదే. ఆ పరీక్ష ఎంతో మేలు. చికిత్స లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం ఉంటుంది, సమయానికి మందులు పడితే 5 శాతం లోపుకు తగ్గుతుంది. అయితే ఇంట్లో ముందు బయటపడేది ఆమె పేరు. మొగుడు పరీక్షకు రాడు, అత్త 'నువ్వే తెచ్చినావు' అంటుంది. పక్కనున్న ఉమ్మడి అనంతపురం జిల్లాలో బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రి వైద్యులు వేల మంది రోగుల వివరాలతో ఏళ్లపాటు అధ్యయనాలు ప్రచురించారు. రోగనిరోధక శక్తి బాగా దిగజారాక ఆలస్యంగా వైద్యానికి వచ్చేది ఎక్కువగా మగవాళ్లేనని వాటిలో కనిపిస్తుంది. భార్య కార్డు మీద పాజిటివ్ అని పడినరోజే భర్తను కూర్చోబెట్టి మాట్లాడే మనిషి కావాలి. నా దృష్టిలో ఆసుపత్రిలో అన్నిటికంటే విలువైన ఉద్యోగి ఆ కౌన్సెలర్. జీతంలోనూ గౌరవంలోనూ చివరి కుర్చీ ఆమెదే.

ఉమ్మడి కడప జిల్లాలో వలస దారి వేరు. రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు పల్లెల నుంచి కువైట్‌కు పోతారు, మగవాళ్లు డ్రైవర్లుగా, ఆడవాళ్లు ఇంటిపనికి. వీసాకు ముందు 'మెడికల్' ఉంటుంది, అందులో హెచ్‌ఐవీ పరీక్ష కూడా. పాజిటివ్ అయితే అన్‌ఫిట్. అక్కడికి పోయాక తేలితే వెనక్కి పంపేస్తారు. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టిన మనిషికి ఆ అన్‌ఫిట్ చీటీ జీవనాధారం పోయిన వార్తలాగే వినిపిస్తుంది. జబ్బు వార్త దాని కింద మరుగున పడుతుంది. అతను కడప పెద్దాసుపత్రికి పోయి మందులు మొదలుపెట్టాలని చెప్పాల్సిన బాధ్యత ఎవరిది? పరీక్షకు ముందు సమ్మతి తీసుకోవాలని, ఫలితాన్ని గోప్యంగా ఉంచాలని 2017 హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. అది 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ప్రైవేటు మెడికల్ సెంటర్లకూ ఆ చట్టం వర్తిస్తుంది. అన్‌ఫిట్ చీటీతో పాటు దగ్గర్లోని ఏఆర్‌టీ కేంద్రం చిరునామా రాసివ్వడానికి ఒక నిమిషం చాలు.

బడి గురించి చెప్పకుండా ఇది పూర్తి కాదు. 2009లో వెంకయ్యనాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బడుల్లో లైంగిక విద్య వద్దని, హెచ్‌ఐవీ పాఠాలను ఇంటర్ జీవశాస్త్రంలో పెట్టాలని సిఫారసు చేసింది. ఆ సిఫారసుతో నేను ఏకీభవించలేను. ఎందుకంటే ఆదోని పక్కపల్లెలో సుగ్గికి పోయే ఆడపిల్ల ఇంటర్ దాకా రాదు, ఇంటర్‌లోనూ బైపీసీ తీసుకునేది కొద్దిమందే. లైంగిక విద్య వల్ల పిల్లలు తొందరపడరని, కొందరు ఆలస్యం చేస్తారని ప్రపంచమంతటి అధ్యయనాలను పరిశీలించి యునెస్కో 2018లో ప్రకటించింది. మన సుప్రీంకోర్టు కూడా 2024 సెప్టెంబరులో సమగ్ర లైంగిక విద్య అవసరాన్ని గుర్తుచేసింది. అయినా పునరుత్పత్తి పాఠం దగ్గరికి వచ్చేసరికి 'ఇంటికాడ చదువుకోండి' అని పేజీ తిప్పేసే తరగతులు ఇంకా ఉన్నాయి. ఇంటికాడ ఎవరు చెబుతారు? ఫోను చెబుతుంది, అది కూడా తప్పుగా.

పద్దెనిమిది నిండనివారికి పరీక్ష చేయాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. భయపడిన పదిహేడేళ్ల పిల్లవాడు అమ్మానాన్నలను వెంటబెట్టుకుని పరీక్ష గది ముందు నిలబడడు. అందుకే అతనికి పాఠం పరీక్షకంటే ముందే, ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో అందాలి.

ఈ ఏడు సుగ్గి మొదలయ్యేలోపు చేయగలిగినవి ఉన్నాయి. దసరాకు ముందే ఆ మండలాల సచివాలయాల దగ్గర జంటలుగా పరీక్షలు చేయాలి, బీపీ, షుగర్, క్షయ పరీక్షలతో కలిపి. అప్పుడు ఎవరు దేనికి వచ్చారో పక్కవాడికి తెలియదు. మందులు నిలకడగా వేసుకుంటున్నవారికి మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వాలి, పేరు లేని మామూలు డబ్బాలో. కర్నూలు ఏఆర్‌టీ కేంద్రం ఇచ్చిన పుస్తకం చూపిస్తే గుంటూరు ఏఆర్‌టీ కేంద్రం మాత్రలు ఇస్తుందన్న మాట బండి ఎక్కేవాళ్ల చెవిన పడాలి. సందేహం వచ్చినవారికి 1097 అన్న నంబరు ఉంది. ఫోను చేస్తే డబ్బు పడదు, పేరు చెప్పనక్కర్లేదు. ఆ నంబరును మేస్త్రీ ఇచ్చే కూలి చీటీ వెనక అచ్చువేయించమని జిల్లా అధికారులను అడుగుతున్నాను.