గటక, నడక, కొంచెం రన్నింగ్: హాస్టల్ పిల్లల ఫిట్‌నెస్ గురించి నా మాట



ఈ మధ్య మన హాస్టళ్లలో రెండు రకాల మాటలు ఎక్కువ వినిపిస్తున్నయి. ఒకటి, "స్కాలర్‌షిప్ పడంగనే జిమ్‌లో చేరాలె, పౌడర్ డబ్బా కొనాలె" అని. రెండోది, "మన తాతలు ఏ జిమ్‌కు పోయిన్రు? బలం మన రక్తంలోనే ఉంది" అని. నాకు రెండూ నచ్చవు.

రెండో మాట సంగతి ముందు చెప్తా. మా ఉట్నూరు వైపు పెద్దోళ్లు మస్తు నడిచిన్రు, నిజమే. రోడ్డు లేక, బస్సు లేక నడిచిన్రు. సంతకైనా, ఆసుపత్రికైనా కాళ్లే దిక్కు. దాన్ని గొప్పగా చెప్పుకునుడు ఎందుకు? ఆ బలం రోజూ చేసిన పనితో వచ్చింది, పని ఆగితే అదీ పోతది. ఇంటర్ అయిపోయి సీతాఫల్‌మండికి వచ్చిన పిల్లలను చూడండి. ఊర్ల పొద్దంతా చేన్ల కలుపు తీసినోళ్లే ఏడాది తిరిగేసరికి మూడో అంతస్తు ఎక్కితే ఆయాసపడుతున్నరు. పొద్దంతా కుర్చీ, రాత్రి ఒంటిగంట దాకా రీల్స్.

ఇక పౌడర్ డబ్బా. మన పక్కనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన పాత సంస్థ. వాళ్లు 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కండలు పెంచడానికి ప్రొటీన్ పౌడర్లు వాడొద్దనే చెప్పిన్రు. ఇంకో మాట కూడా ఉంది: మనకు తిండి నుంచి వచ్చే శక్తిలో బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదట. మన మెస్ ప్లేట్ గుర్తుతెచ్చుకోండి. అన్నం గుట్ట, పక్కన నీళ్ల పప్పు, కూర ఒక గరిటె.

2024 చివర్ల ప్రభుత్వం డైట్ చార్జీలు పెంచింది. కాలేజీ పిల్లలకు నెలకు 1500 ఉన్నది 2100 అయ్యింది. అంటే రోజుకు 70 రూపాయలు, అన్ని పూటలకూ కలిపి. అందుల అద్భుతాలు కావు, కానీ వారంల రెండు రోజులు ఒక పూట అన్నం బదులు జొన్న గటక అడగొచ్చు. రొట్టెలు వద్దు. రెండొందల మందికి రొట్టెలు కొట్టాలంటే వంట అక్కల చేతులు పడిపోతయి. గటక అయితే ఒక్క పెద్ద గిన్నెల అయిపోతది. సాయంత్రం మిర్చి బజ్జీలకు పెట్టే పైసలతో ఉడకబెట్టిన పల్లీలు, గుడ్డు వస్తయి. బజ్జీ పూర్తిగా మానమని అంటలేను, రోజూ వద్దంటున్న.

నడక విషయం చిన్నదే. సీతాఫల్‌మండి నుంచి ఆర్ట్స్ కాలేజీ ఎంఎంటీఎస్‌లో ఒక్కటే స్టేషన్. రైలు కోసం ఎదురుచూసే టైంల నడిచి పోవచ్చు. చెల్లెళ్లకు 2023 డిసెంబర్ నుంచి బస్సు ఫ్రీ, మంచిదే. రాత్రిపూట తప్పకుండా బస్సే ఎక్కండి. పగటిపూట రెండు స్టాపుల దూరానికి మాత్రం ఎందుకు?

అసలు నేను రాయాలనుకున్నది రన్నింగ్ గురించి. పోలీస్ నోటిఫికేషన్ పడంగనే మనోళ్లు ఓయూ వైపు ఉరుకుడు మొదలుపెడతరు. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ల అబ్బాయిలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల్ల, అమ్మాయిలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల. 400 మీటర్ల ట్రాక్ మీద అబ్బాయిలకు రౌండ్‌కు 1 నిమిషం 48 సెకన్లు వస్తది. ఇది ఒక్క నెలల రాదు. ఈవెంట్స్‌కు నెల ముందు సిమెంట్ రోడ్డు మీద రోజూ ఉరికి, పిక్క ఎముక నొప్పితో మంచాన పడ్డోళ్లు ప్రతి హాస్టల్‌లో ఉంటరు. ఇప్పుడు నోటిఫికేషన్ ఉన్నా లేకున్నా వారంల మూడు రోజులు మట్టి మీద ఒక నిమిషం ఉరుకుడు, రెండు నిమిషాలు నడుసుడు, ఇట్ల ఇరవై నిమిషాలు చేస్తే చాలు. వారం వారం ఉరికేది కొంచెం పెంచాలె. మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. ఆ ఫోటో అందరం షేర్ చేస్తం. కానీ ఆమె మొదలుపెట్టింది భువనగిరి గుట్ట మీద, ఆ తర్వాత డార్జిలింగ్, లద్దాఖ్. అన్ని నెలల సాధన గురించి ఎవరూ మాట్లాడరు.

ఉరికే ముందు ఒక పని తప్పకుండా చేయండి. సికిల్ సెల్ పరీక్ష. మన గిరిజనుల్ల ఇది ఎక్కువ. అందుకే 2023 జులై 1న కేంద్రం దీని మీద ప్రత్యేక మిషన్ మొదలుపెట్టింది, నలభై ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేస్తున్నరు. జబ్బు ఉన్నోళ్లు నీళ్లు తాగకుండా ఎండల ఉరికితే ఒళ్లంతా భరించలేని నొప్పులు వస్తయి. డాక్టర్‌ను అడిగినంకనే మొదలుపెట్టాలె. ఒక్క జీన్ మాత్రమే ఉన్నోళ్లు మామూలుగానే ఉంటరు, కానీ ఒక్కసారే గట్టిగ ఉరకొద్దు, నీళ్లు బాగా తాగాలె. దోస్తులు "పిరికోడు" అంటరని నొప్పి దాచిపెట్టి ఉరికే తమ్ముళ్లకు ఇది గట్టిగ చెప్తున్న. అమ్మాయిలు పనిల పని హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. మెట్లెక్కితే వచ్చే ఆయాసం బద్ధకం వల్లనే అనుకోవద్దు, రక్తం తక్కువున్నా వస్తది.

వచ్చే మెస్ కమిటీ మీటింగ్‌ల గటక సంగతి మేం అడుగుతున్నం. ఆదిలాబాద్, భద్రాచలం వైపు హాస్టళ్లల్ల ఎవరన్నా ఇప్పటికే జొన్నలు పెట్టించుకున్నరా? ఎవరిని అడిగిన్రు, కిలోకు ఎంత పడింది, రాయండి. మీటింగ్‌ల చూపెట్టడానికి మాకు పనికొస్తది.