మిక్సీ కొనేముందు చట్నీ జార్ చూడండి

మా పక్కింటి వాళ్లమ్మాయికి మొన్న మాఘమాసంలో పెళ్లయింది. త్వరలో హైదరాబాదులో కాపురం పెట్టబోతోంది. పోయిన ఆదివారం కాగితం, పెన్ను పట్టుకుని మా ఇంటికొచ్చింది.

"పిన్నిగారూ, సామాన్ల లిస్టు రాస్తున్నాం. మిక్సీ దగ్గర ఆగిపోయాం. ఆయనేమో వెయ్యి వాట్లదే కొనాలంటున్నారు. అమ్మేమో అయిదువందలు చాలంటోంది. మీరేమంటారు?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే ఈ వాట్ల మోజులో పడి ఒకప్పుడు నేను నా జూకాల డబ్బు మొత్తం మిక్సీకి పోశాను. ఆ కథంతా దానికి చెప్పాను. మీకూ చెబుతాను. కొత్త మిక్సీ కొనాలనుకునేవాళ్లకీ, ఉన్న మిక్సీలో పచ్చడి మెత్తగా రావడం లేదని విసుక్కునేవాళ్లకీ పనికొస్తుంది.

2019లో మా అత్తయ్యగారికి పళ్లన్నీ తీసేసి కట్టుడుపళ్లు పెట్టారు. ఆవిడకి ఇడ్లీలోకి కొబ్బరి పచ్చడి ఉంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. అలాంటి మనిషి పళ్లు పెట్టించుకున్నాక పచ్చడి గిన్నె పక్కకి జరిపేసేవారు. "ఆకలి లేదమ్మా, కాస్త పాలల్లో నంజుకుని తినేస్తాలే" అనేవారు. వారం రోజులు నేనూ నిజమే అనుకున్నాను. ఒకరోజు ఆవిడ పెరట్లో నోరు పుక్కిలిస్తూ చిగురు పట్టుకుని ఉండటం చూశాను. కొబ్బరి పలుకు కట్టుడుపళ్ల కిందికి పోయి గుచ్చుకుంటోందన్నమాట. చెబితే నేను నొచ్చుకుంటానని ఆవిడ చెప్పలేదు. మనిషి చూస్తుండగానే చిక్కిపోయారు.

మా ఇంట్లో ఉన్నది నా పెళ్లినాటి మిక్సీ. 500 వాట్లది. పుట్టింటివాళ్లు సారెతో ఇచ్చింది. దానికి వయసైపోయింది, ఇంక మెత్తగా తిప్పదు అని నేనే తీర్మానించేశాను. చీటీ పాడి జూకాలకని దాచుకున్న డబ్బులో ఆరువేల అయిదువందలు తీసి వెయ్యి వాట్ల మిక్సీ కొన్నాను. "పాతదానికేమైంది?" అన్నారు మావారు. "మీకు తెలియదు లెండి" అన్నాను.

మర్నాడు పొద్దున్నే అరచిప్ప కొబ్బరి ముక్కలు, పుట్నాల పప్పు, పచ్చిమిర్చి, ఉప్పు అన్నీ ఒకేసారి పెద్ద జార్లో వేసి, గ్లాసుడు నీళ్లు పోసి, మూడో నెంబరు మీద పెట్టాను. విమానం లేచినట్టు మోత. అయిదు నిమిషాలు తిప్పాను. తీరా మూత తీస్తే పచ్చడి గోరువెచ్చగా ఉంది, కొబ్బరి నూనె పైకి తేలింది, పలుకులు మాత్రం అలాగే ఉన్నాయి! అత్తయ్యగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఏమీ అనకుండా ఇడ్లీ మీద పంచదార చల్లుకున్నారు. ఆ రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ.

మిక్సీలోనే లోపముందనుకుని బజారులో రిపేరు కొట్టాయన దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన తిప్పి చూసి, "మోటారు బంగారంలా ఉందమ్మా. మీరు ఏ జార్లో వేశారు?" అని అడిగాడు. చెప్పాను. "చిన్న జార్ డబ్బాలోంచి బయటికి తీయనే లేదా?" అన్నాడు. నిజంగానే తీయలేదు. ప్లాస్టిక్ కవరులో అలాగే ఉంది!

ఆయన ఆ పది నిమిషాల్లో చెప్పిన విషయాలు, తర్వాత నేను చేసి చూసి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

వాట్లు దేనికి? మెత్తదనం దేనివల్ల?

వాట్లంటే మోటారు బలం. గట్టి సరుకు వేసినా, ఎక్కువ సరుకు వేసినా ఆగిపోకుండా తిరగడానికి ఆ బలం కావాలి. పసుపు కొమ్ములు, ఎండు కొబ్బరి, మినప్పిండి లాంటివి తరచూ వేసేవాళ్లకి అది అవసరమే. కానీ పచ్చడి మెత్తబడేది బ్లేడుకి ముక్క మళ్లీ మళ్లీ తగిలినప్పుడు. పెద్ద జార్లో గుప్పెడు సరుకు వేస్తే బ్లేడు దాన్ని ఒక్క విసురు విసిరి గోడలకి అంటిస్తుంది. అక్కడ అంటుకున్న ముక్క ఇంక బ్లేడు దగ్గరికి రాదు. మోటారు ఎంత బలంగా తిరిగితే అంత గట్టిగా విసురుతుంది. నా వెయ్యి వాట్లు చేసింది ఆ పనే.

అందుకే గుర్తు పెట్టుకోండి. సరుకు బ్లేడుని కప్పేటంత ఉండాలి, జార్ మూడొంతుల్లో రెండొంతులు దాటకూడదు. నలుగురికి సరిపడే పచ్చడికి 400 మిల్లీలీటర్ల చట్నీ జారే సరైంది. ఒకటిన్నర లీటర్ల పెద్ద జార్ దోసెల పిండికి, మధ్య జార్ పొడులకి.

"మరి జ్యూసులు చేసే విదేశీ బ్లెండర్లు ఇంకా బలమైనవి కదా, అవి కొంటే?" అని అడిగింది పక్కింటమ్మాయి. వాటి జార్ పొడుగ్గా ఉంటుంది. నీళ్లు బాగా ఉంటేనే సరుకు సుడి తిరిగి కిందికొస్తుంది. మన పచ్చడికి నీళ్లు రెండు మూడు చెంచాలే కదా! మన మిక్సీ పుట్టిందే ఇందుకు. 1960ల్లో బొంబాయిలో సీమెన్స్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న సత్యప్రకాశ్ మాథుర్ గారింట్లో విదేశీ మిక్సీ పాడైపోతే, ఆయన భార్య మాధురి గారి అవసరం చూసి, మన పొడులకీ ముద్దలకీ తట్టుకునే బలమైన మోటారుతో ఆయన సొంతంగా ఒకటి తయారుచేశారు. అదే సుమీత్ మిక్సీ. ఒక ఇల్లాలి వంటింటి కష్టంలోంచి వచ్చిందన్నమాట!

కొట్లో ఏం చూడాలి?

ముందు మీ ఇంట్లో ఏం రుబ్బుతారో లెక్కేసుకోండి. ఇద్దరు ముగ్గురుండి, పచ్చళ్లు, చిన్న చిన్న పొడులూ అయితే 500 వాట్లు చాలు. నలుగురైదుగురుండి, అప్పుడప్పుడు పిండి కూడా మిక్సీలోనే రుబ్బితే 750 తీసుకోండి. రోజూ గట్టి సరుకు వేసేవాళ్లకే వెయ్యి.

కరెంటు బిల్లు గురించి భయం వద్దు. 750 వాట్ల మిక్సీ రోజుకి మొత్తం మీద పది నిమిషాలు తిప్పినా నెలకి నాలుగు యూనిట్లలోపే. వెయ్యి వాట్లదైతే అయిదు యూనిట్లు. అయితే సాకెట్ వదులుగా ఉందేమో చూసుకోండి. ప్లగ్గు వేడెక్కుతుంటే మిక్సీ తప్పు కాదు, సాకెట్ మార్పించాలి.

తర్వాత డబ్బా విప్పించి జార్లు చేతిలోకి తీసుకోండి. మొహమాటపడకండి, డబ్బు మనది.

చట్నీ జార్ ఉందా? దాని బ్లేడు అడుగుకి దగ్గరగా ఉందా? బ్లేడుకీ అడుగుకీ మధ్య ఎక్కువ సందుంటే పలుకులు అక్కడే దాక్కుంటాయి.

జార్ లోపలి గోడలకి నిలువుగా గాడులున్నాయా? తిరిగే సరుకుని అవి అడ్డుకుని మళ్లీ బ్లేడు మీదికి తోస్తాయి. నున్నటి గోడలుంటే సరుకు ఊరికే గుండ్రంగా తిరుగుతుంది.

మూత బిగువుగా పడుతోందా? రబ్బరు వాషర్ విడిగా తీసి కడగడానికి వస్తోందా? రాకపోతే దాని కింద పచ్చడి చేరి వాసనేస్తుంది.

బ్లేడుని చెంచాతో మెల్లిగా తిప్పి చూడండి. అటూ ఇటూ ఊగకూడదు.

మిక్సీ అడుగున ఎర్ర బటన్ ఉందా? మోటారు మీద భారమెక్కువైతే అది తనంతట తానే కరెంటు ఆపేస్తుంది. అలా ఆగినప్పుడు మిక్సీ పోయిందని కంగారుపడకండి. స్విచ్ కట్టేసి, ప్లగ్గు తీసి, జార్లో సరుకు తగ్గించి, అయిదు నిమిషాలాగి ఆ బటన్ నొక్కితే చాలు.

ఐ.ఎస్.ఐ. ముద్ర చూడండి. ఇంటి మిక్సీలకి ఐ.ఎస్. 4250 అనే ప్రమాణం ఉంది. బిల్లు, గ్యారంటీ కార్డు మీద కొట్టు స్టాంపు వేయించుకోండి. మోటారుకి అయిదేళ్లు అని పెద్దక్షరాలతో ఉన్నా, కప్లరు, వాషరు, బ్లేడు చాలాసార్లు అందులోకి రావు. అరిగేవి అవే! కాబట్టి మీ ఊళ్లో విడిభాగాలు దొరికే కంపెనీదే తీసుకోండి.

అమెరికాలో ఉన్న అమ్మాయికి మిక్సీ పంపేవాళ్లకి ఒక మాట. అక్కడి ఇళ్లలో కరెంటు 120 వోల్టులు, మనది 230. ఇక్కడి మిక్సీ అక్కడ సరిగా తిరగదు. మన మిక్సీల్లోనే 110 వోల్టుల రకం విడిగా దొరుకుతుంది, అది అడగండి.

పలుకు లేకుండా కొబ్బరి పచ్చడి

రిపేరు కొట్టునుంచి వచ్చిన మర్నాడు నేను చేసిన పద్ధతి ఇది. చట్నీ జార్లో ముందు రెండు చెంచాల పుట్నాల పప్పు ఒక్కటే వేసి పొడి చేయాలి. గట్టి సరుకు ముందు, మెత్తనిది తర్వాత. కొబ్బరి గోరుగా ముక్కలుగా కాకుండా సన్నగా తరిగి, పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న అల్లం ముక్కతో కలిపి వేయాలి. అల్లం అడ్డంగా చక్రాల్లా తరిగితే పీచు రాదు. నీళ్లు పోయకుండా నాబ్ వెనక్కి తిప్పి నాలుగైదుసార్లు ఆపి ఆపి తిప్పాలి. మూత తీసి గోడలకంటింది గరిటెతో కిందికి దించాలి. అప్పుడు మూడు చెంచాల చల్లటి నీళ్లు పోసి, రెండో నెంబరు మీద అరనిమిషం తిప్పాలి. మళ్లీ దించి మరో అరనిమిషం. కావలసినంత జారుగా నీళ్లు ఆఖర్న కలుపుకోవాలి. మొదటే నీళ్లు పోస్తే ముక్కలు తేలిపోతాయి.

గరిటె పెట్టేముందు స్విచ్ కట్టేయడం మాత్రం మరవకండి.

పుస్తకంలో "30 నిమిషాలు" అని ఉంటే ఏకబిగిన అరగంట తిప్పొచ్చని కాదు. చాలా కంపెనీలు 5 నిమిషాలు తిప్పి 2 నిమిషాలు ఆపమంటాయి. పచ్చడికైతే అంతసేపు అక్కర్లేనే లేదు. కల్లుప్పు వేసి తిప్పితే బ్లేడు పదునెక్కుతుందంటారు. జార్ శుభ్రమవుతుంది గానీ అరిగిన బ్లేడు కొత్తదవదు, మార్పించుకోవాల్సిందే.

వేడి టమాటాలతో జాగ్రత్త

పిల్లల కోసం ఇంట్లోనే టమాటా సాసు చేసే సోదరీమణులకి నా చేతి మీది మచ్చ చూపించి చెబుతున్నాను. ఒకసారి తొందరపడి ఉడుకుతున్న టమాటాలు జార్లో పోసి మూత బిగించి తిప్పాను. లోపలి ఆవిరి మూతని ఎగరగొట్టింది. మోచేయి దాకా బొబ్బలు. ఉడికించినవి ఏవైనా సరే, పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయండి. చల్లారినవి మెత్తగా తిప్పి, గింజా తొక్కా లేకుండా జల్లెడలో వడకట్టి, అప్పుడు పంచదార, ఉప్పు వేసి చిక్కగా మరిగించండి. దించేముందు వెనిగర్ కలపండి. సాసు నున్నగా రావడం సగం మిక్సీ వల్ల, సగం జల్లెడ వల్ల.

సరే, మా అత్తయ్యగారి సంగతి చెప్పలేదు కదూ! ఆ రోజు పచ్చడి వెన్నలా వచ్చింది. ఆవిడ ఒక ఇడ్లీ తిని, గిన్నె తన దగ్గరికి జరుపుకుని, "ఇంకో రెండు ఉన్నాయా?" అని అడిగారు. నా జూకాలు చెవులకి పెట్టుకున్నంత సంతోషమైంది.

ఆ తర్వాత నాకో అనుమానం వచ్చి పాత మిక్సీ చట్నీ జార్‌కి కొత్త బ్లేడు, కొత్త వాషరు వేయించాను. నాలుగొందలలోపే అయింది. ఇదే పద్ధతిలో తిప్పితే పచ్చడి దానిలోనూ అంతే మెత్తగా వచ్చింది! ఈ ముక్క మావారికి చాలాకాలం చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటారు.

ఇంకో మాట. మెత్తగా తిప్పడం చేతనయ్యాక నేను అన్నీ అలాగే చేయడం మొదలుపెట్టాను. గోంగూర కూడా అలాగే చేసి పెట్టాను. అత్తయ్యగారు వేలితో రుచి చూసి, "ఇది గోంగూర కాదమ్మా, లేహ్యం. దీన్ని రోట్లోనే కచ్చాపచ్చాగా నూరు. చిగురుకి తగిలినా నేను చూసుకుంటాలే" అన్నారు. అన్నీ మెత్తగా ఉంటేనే మంచివని కాదు సుమండీ!

పక్కింటమ్మాయి చివరికి మూడు జార్ల 750 వాట్ల మిక్సీ లిస్టులో రాసుకుంది. పక్కనే బ్రాకెట్లో "చట్నీ జార్ విప్పించి చూడాలి" అని కూడా రాసింది. మీరు మాత్రం కొత్తది కొనేముందు మీ పాత మిక్సీ జార్ ఒకసారి తిరగేసి, బ్లేడు, వాషరు చూడండి. జూకాల డబ్బు మిగలొచ్చు!