అమ్మకానికి లేని ఇంటికి అమ్మకపు విలువా?

విశాఖలోనో విజయవాడలోనో ఎప్పుడో కట్టుకున్న చిన్న డాబా ఇల్లు. యజమాని పెన్షనర్. ఇల్లు పెరగలేదు, ఆదాయమూ పెద్దగా పెరగలేదు. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచాయి, మాల్ వచ్చింది, రిజిస్ట్రేషన్ ఆఫీసు లెక్కల్లో గజం విలువ ఎగబాకింది. ఆ పెరిగిన విలువను చూపించి ఆయన దగ్గర ఇంటి పన్ను గుంజుతున్నారు. ఇది ముమ్మాటికీ అన్యాయం.

2020 చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మున్సిపల్ చట్టాలను సవరించి, అద్దె విలువ లెక్కను పక్కకు నెట్టి మూలధన విలువ మీద పన్ను తెచ్చింది. 2021 ఏప్రిల్ నుంచి అమలు. స్థలం విలువ, కట్టడం విలువ కలిపి, నివాసాలకైతే అందులో 0.10 నుంచి 0.50 శాతం దాకా. అంత తొందరెందుకు? కరోనా ఏడాది అదనపు అప్పు కావాలంటే ఆస్తి పన్ను కనీస రేట్లను రిజిస్ట్రేషన్ విలువలతో ముడిపెట్టాలని కేంద్రం షరతు పెట్టింది. ఆ అప్పు కోసం మన ఇళ్ల మీద పడ్డారు.

రిజిస్ట్రేషన్ విలువ ఉన్నది ఆస్తి చేతులు మారేటప్పుడు స్టాంపు సుంకం ఎగ్గొట్టకుండా చూడటానికి. అది ఒక్కసారి కట్టేది, చేతిలో డబ్బు ఆడుతున్నప్పుడు కట్టేది. అదే అంకెను, అమ్మే ఆలోచనే లేని మనిషి నెత్తిన ఏటేటా మోపడానికి ఏ హక్కుంది?

ఏడాదికి 15 శాతం మించి పెంచబోమన్నారు. లెక్క వేసి చూడండి. అలా పెరుగుతూ పోతే ఇవాళ 1,000 రూపాయలు కట్టే కుటుంబం అయిదేళ్లకు 2,011 కట్టాలి. ఏ చిరుద్యోగి జీతం అయిదేళ్లలో రెట్టింపైంది? 375 చదరపు అడుగుల లోపు సొంతిల్లయితే 50 రూపాయలే అన్నారు, సంతోషం. మరి 400 అడుగుల్లో ఆరుగురు సర్దుకునే కుటుంబం మాటేమిటి?

కాలువలు తీయాలి, దీపాలు వెలగాలి, పన్ను కట్టాల్సిందే. పాత అద్దె లెక్కలోనూ లోపాలున్నాయి. హైదరాబాద్‌లో ఇళ్లకు ఆ రేట్లను ఏళ్ల తరబడి సవరించనే లేదు. అయినా అద్దెకు ఇంటి వాడకంతో సంబంధముంది. అమ్మకపు ధరకు కాపురమున్నవాళ్లతో ఏ సంబంధమూ లేదు.

సొంతంగా కాపురముండే ఇంటి లెక్కలోంచి స్థలం విలువను తీసెయ్యండి. స్థలం విలువ పెరిగిన లాభంలో ఊరి వాటా కావాలంటే ఇల్లు అమ్మిన రోజున అడగండి. గజానికి ఎంత పట్టారో, కట్టడానికి ఎంత వేశారో నోటీసులో విడివిడిగా రాయండి. వార్డు జనం అభ్యంతరాలు వినకుండా ఒక్క రూపాయి కూడా పెంచొద్దు.