స్వరాజ్యం గారి చిన్నతనం పిల్లలకు ఎట్లా చెప్పాలి?

మల్లు స్వరాజ్యం అనగానే మా నల్లగొండ పిల్లలకు తుపాకే గుర్తొస్తుంది. ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టారనీ, తుంగతుర్తి నుంచి 1978లో, 1983లో ఎమ్మెల్యే అయ్యారనీ గడగడా చెప్పేస్తారు. క్విజ్ పోటీకి అది చాలు. తొమ్మిదో తరగతికి తెలుగు చెప్పే నాకు మాత్రం, 2019లో వచ్చిన ఆమె ఆత్మకథ 'నా మాటే తుపాకీ తూటా'లో చిన్నప్పటి సంగతులే ముఖ్యమనిపిస్తాయి.

1931లో కరివిరాల కొత్తగూడెంలో ఆమె పుట్టింది పేదింట్లో కాదు, భూస్వాముల ఇంట్లో. వెట్టి మానాలని ఆంధ్రమహాసభ పిలుపిస్తే, పదకొండేళ్ల ఆ పిల్ల వెట్టివాళ్లకు బియ్యం పంచింది.

ఇది చెప్పేటప్పుడు మన టీచర్లకు ఒక అలవాటుంది. తప్పంతా నిజాం మీద తోసేస్తాం. నిజమే, సభ పెట్టాలంటే అనుమతి తీసుకోమనే గస్తీ నిషాన్ 53 ఆయన సర్కారుదే, బడి చదువు ఉర్దూలో పెట్టిందీ ఆ సర్కారే. కానీ నిజాం ఉన్నది హైదరాబాదులో! ఊళ్లో చాకలి, కుమ్మరి, మాదిగ ఇళ్లవాళ్లతో ఊరికే పని చేయించుకున్నది తెలుగు మాట్లాడే దొరలే. 1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయినా పోరాటం 1951 దాకా ఎందుకు సాగిందో చెప్పాలంటే ఈ సంగతి దాచి లాభం లేదు.

ఇంకోటి, ఆడబాప. దొర కూతురు అత్తారింటికి పోతుంటే అరణంగా వెంట పంపే పిల్ల. "ఆమెకు పెళ్లి చెయ్యరా టీచర్?" అని ఓ అమ్మాయి అడిగింది. చెయ్యరన్నాను. ఆ ఇంటి మగవాళ్లు ఆమెను ఏం చేసినా అడిగే దిక్కుండేది కాదనీ చెప్పాను. చిన్నపిల్లలకు ఇవన్నీ ఎందుకని తోటి టీచరొకామె నొచ్చుకుంది. ఆడబాపలుగా పోయినవాళ్లూ ఈ ఈడు పిల్లలే కదండీ! వాళ్లు పడింది వీళ్లు వినగూడదా?

వెట్టి గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మన్నాను. కొందరి ఇళ్లలో "గవన్నీ నీకెందుకే, సదువుకో" అన్నారట. ఒక అబ్బాయి మాత్రం క్లాసు అయ్యాక వచ్చి తల వంచుకుని నిలబడ్డాడు. "మా తాతోళ్లే చేపిచ్చుకున్నరంట టీచర్" అన్నాడు. స్వరాజ్యం గారిదీ అటువంటి ఇల్లే కదరా అన్నాను. మర్నాడు ఆ పుస్తకం ఇంటికి తీసుకుపోతానని అడిగాడు.

అమ్మలూ, ఆ రోజులు చూసినవాళ్లకు ఎనభై దాటాయి. పిల్లలు అడిగితే కసురుకోకండి. మీ అత్తగారి మంచం దగ్గర కాసేపు కూర్చోబెట్టండి.