ముందుగా అడుగవలసినది ఎవరు?

బెల్‌ఫాస్టు నగరమున ఒక ప్రాథమిక పాఠశాలలో చేరిన బాలిక, తన యింట మతాచారమేదియు లేకున్నను, చిరుతిండి తినుటకు మున్ను దేవునికి కృతజ్ఞత చెప్పసాగెను. ఈ యలవాటు బడిలో అబ్బినదని గ్రహించి తల్లిదండ్రులు వ్యాజ్యమాడగా, అచ్చటి క్రైస్తవబోధ నిష్పాక్షికముగను, విమర్శనాత్మకముగను, అన్యమతములకు తావిచ్చునదిగను లేదని 2025 నవంబరులో బ్రిటను అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఉత్తర ఐర్లండులో మతవిద్యా ప్రణాళికను కూర్చినవి నాలుగు ప్రధాన క్రైస్తవ సంఘములే యని యెఱిగినవారికి ఇందు విస్మయము లేదు.

క్రైస్తవమును బడినుండి వెడలగొట్టుడని ఆ తీర్పు చెప్పలేదు. దేశచరిత్రలో దానికిగల ప్రాధాన్యమును బట్టి తక్కిన మతములకంటె అధికకాలము కేటాయించినను తప్పులేదనెను. మనలో కొందఱు లౌకికవాదులకు రుచింపకున్నను, నాకును ఇదియే యుక్తముగా తోచుచున్నది. బైబిలు నెఱుగని విద్యార్థికి మిల్టను కావ్యము గాని, మైకెలాంజెలో చిత్రములు గాని, ఐర్లండులో కాథలిక్కులకును ప్రొటెస్టంట్లకును తరతరములుగ నడచిన వైరము గాని సగమైనను బోధపడునా?

ఇష్టములేనివారు బిడ్డను మతబోధ తరగతినుండి మాన్పింపవచ్చునుగదా యన్న సమాధానమే మిక్కిలి బలహీనమైనది. 1944 నాటి బట్లరు విద్యాచట్టమును ఇంగ్లండున ఈ వెసులుబాటునే యిచ్చినది. బెల్‌ఫాస్టు వ్యాజ్యమున క్రింది న్యాయస్థానమొకటి దీనితోనే తృప్తిపడినది. కాని తోడిపిల్లలందఱు గొంతుకలిపి ప్రార్థించుచుండగా తానొక్కతెయే లేచి వెలుపలికి పోవలసివచ్చిన పసిపిల్ల మనస్సు ఎట్లుండును? తల్లిదండ్రులు తమ విశ్వాసావిశ్వాసములను ప్రధానోపాధ్యాయుని యెదుట విప్పి చెప్పుకొనవలెనా?

మన రాజ్యాంగమున 28వ అధికరణము వేఱుత్రోవ తొక్కినది. కేవలము ప్రభుత్వధనముతో నడచు బడిలో మతబోధ కూడదు. గుర్తింపు గాని సహాయధనము గాని పొందు బడిలో, సంరక్షకుని సమ్మతి లేనిదే బాలుని మతబోధకు గాని ఆరాధనకు గాని నిర్బంధింపరాదు. అక్కడ వద్దనువారు పోయి అడుగవలెను. ఇక్కడ కావలెనను బడియే వచ్చి అడుగవలెను. నియమమింత చక్కగ నున్నను, ప్రవేశపత్రములో ఆ సమ్మతికొక గడియైన నుంచిన బడులెన్ని? సరస్వతీస్తుతితో ప్రొద్దు మొదలుపెట్టు బడికిని, క్రీస్తుప్రార్థనతో మొదలుపెట్టు బడికిని ఈ ప్రశ్న సమానమే. వచ్చే జూనులో బిడ్డను బడిలో చేర్పించు తల్లిదండ్రులు, రుసుము కట్టుటకు ముందే సమ్మతి కోరు ఆ కాగితమును చూపుమని అడుగుదురు గాక.