కీళడి రికార్డులు బయటపెట్టండి

తమిళనాడులోని కీళడి తవ్వకాల 982 పేజీల నివేదికను సవరించి మళ్లీ ఇవ్వమంటూ భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ (ఏఎస్‌ఐ) దాన్ని రాసిన తన పురావస్తు అధికారి అమర్‌నాథ్ రామకృష్ణకే తిప్పి పంపింది. కాలనిర్ణయాన్ని మార్చడం కుదరదని ఆయన తేల్చి చెప్పారు. రచ్చ మొదలయ్యాక, ఇది ప్రతి నివేదికకూ జరిగే మామూలు పరిశీలనేనని సంస్థ వివరణ ఇచ్చుకుంది. ఈ వ్యవహారంలో ఏ మాత్రం ఒప్పుకోలేని మాట ఇదే. కీళడి వయసెంత అన్నదాని మీద పండితులు వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా. ఆ వాదన తేల్చే ఆధారాలను బీరువాలో పెట్టి తాళం వేసి, దానికి ‘మామూలు’ అని పేరు పెట్టడాన్ని మాత్రం సహించకూడదు.

నివేదిక 2023 జనవరిలో అందింది. తిరుగు లేఖ 2025 మేలో వెళ్లింది. గ్రామ పటం ఇంకా మెరుగ్గా ఉండాలి, కొన్ని చిత్రాలు స్పష్టంగా లేవు, కొన్ని డ్రాయింగులు జత చేయలేదు వంటి లోపాలు ఎత్తిచూపడానికి రెండేళ్ల నాలుగు నెలలు కావాలా? నివేదిక చదివిన ఇద్దరు నిపుణుల పూర్తి అభిప్రాయాలను సంస్థ ప్రచురించలేదు. పరిశీలన ఇంకా నడుస్తోందని చెబుతూనే, శాస్త్రీయ ఆధారాలు చాలవని కేంద్ర సాంస్కృతిక మంత్రి జూన్‌లో చెన్నైలో తీర్పు చెప్పేశారు. అదే నెలలో అమర్‌నాథ్ బదిలీ అయ్యారు. రెండు సీజన్లు తవ్వాక 2017లో ఆయన్ను అస్సాంకు పంపించిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. నిజంగా మామూలు పరిశీలనే అయితే ఇన్ని పరిణామాలు ఒకే మనిషి చుట్టూ తిరగవు. పోనీ, సంస్థ పనితీరులో ‘మామూలు’ అంటే ఏమిటో తెలుగువారికి కొత్తగా ఎవరూ చెప్పనక్కరలేదు. నాగార్జునకొండ తవ్వకాలు 1954 నుంచి 1960 వరకు సాగాయి. నివేదిక మొదటి సంపుటం 1975లో, రెండోది 2006లో వెలువడ్డాయి. అప్పటికి ఇక్ష్వాకుల రాజధాని లోయ సాగర్ జలాల కింద దశాబ్దాలుగా మునిగి ఉంది. సంపుటంలో ఏ వాక్యం మీద అనుమానం వచ్చినా వెళ్లి మళ్లీ చూసుకునే నేలే మిగల్లేదు. తవ్వకాల నివేదికలు ఏళ్ల తరబడి రాకపోవడాన్ని కాగ్ 2013లోనే తప్పుపట్టింది. నలభై ఆరేళ్ల జాప్యానికి నొచ్చుకోని సంస్థ, చేతికి అందిన నివేదిక విషయంలో మాత్రం ఇప్పుడు ప్రమాణాల గురించి పాఠం చెబుతోంది.

కీళడి నివేదికను తిప్పి పంపిన లేఖలో ఒక్క అభ్యంతరం బలమైనదే. బొగ్గు ముక్క ఎంత లోతులో దొరికిందో చెబితే చాలదు, ఏ పొరలో దొరికిందో చెప్పాలి అన్నది సరైన మాట. తర్వాతి కాలంవాళ్లు గుంత తవ్వి పూడ్చి ఉంటే, వాళ్ల పొయ్యిలోని బొగ్గు పాత పొర లోతుకు జారిపోతుంది. కొలత టేపు దాన్ని పాతదనే చూపిస్తుంది. గుంత అంచు ఎక్కడ మొదలైందో, మట్టి రంగు ఎక్కడ మారిందో ట్రెంచ్ గోడలో కనిపిస్తేనే అసలు సంగతి తేలుతుంది. మరి ఆ గోడ ఫొటోలు, డ్రాయింగులు, రోజువారీ నోటుపుస్తకాలు ఎవరివి? సంస్థ అధికారి, సంస్థ డబ్బుతో, సంస్థ పేరున చేసిన తవ్వకాలవి. కీళడి మొదటి దశ క్రీ.పూ. 8వ శతాబ్దం దాకా వెళ్లదని సంస్థ అంటోంది. పొరల క్రమాన్ని, ఏఎంఎస్ (రేడియోకార్బన్) కాలనిర్ణయాలను చూసే ఆ శతాబ్దాన్ని రాశానని అమర్‌నాథ్ అంటున్నారు. ఎవరి మాట నిలుస్తుందో ఆ కాగితాలను నలుగురి ముందు పరిస్తే తెలుస్తుంది. అది చేయకుండా రాసినవాడినే దిద్దుకు రమ్మనడం ఎవరి కళ్లు కప్పడానికి?

ఈ రహస్యానికి సాంకేతికంగా కూడా సాకు లేదు. ఒక పొరను తీసే ముందు మామూలు డిజిటల్ కెమెరాతో ఒకదాని మీద ఒకటి కొంత కలిసేలా అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, సర్వే పరికరమైన టోటల్ స్టేషన్‌తో కొలిచిన గుర్తులకు జోడిస్తే, కంప్యూటర్‌లో ఆ ట్రెంచ్ త్రీడీ నమూనా తయారవుతుంది. తవ్వేసి పొర మాయమైన తర్వాత కూడా దాని అంచుల్ని ఎవరైనా కొలుచుకోవచ్చు. టర్కీలోని చాతాల్‌హొయుక్‌లో 1993 నుంచి పాతికేళ్లు తవ్విన బృందం తన డేటాబేస్‌ను ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచింది. ఇటలీలోని పాంపేలో దొంగలు తవ్విన సొరంగాల పరిశీలనకు 2022లో నాలుగు కాళ్ల రోబో స్పాట్‌ను దించి చూశారు. మనకు రోబోలు రాకపోయినా ఫర్వాలేదు, కెమెరా చాలు. పొరల్ని గుర్తుపట్టేది తాపీ పట్టిన మనిషి కన్నే గానీ యంత్రం కాదన్నది నిజం. ఆ కన్ను పొరబడవచ్చు గనుకనే మిగతావాళ్లు చూడటానికి రికార్డు తెరిచి ఉండాలి. డిజిటల్ చేసి సర్వర్లో దాచుకుంటే మాత్రం పాత బీరువాకూ దానికీ తేడా ఏముంది?

తమిళ పార్టీలు కీళడిని జెండాగా మోస్తున్నాయన్నది అబద్ధం కాదు. ఆ హడావుడిని తగ్గించే మందు కూడా అసలు రికార్డే. నివేదికను ఉన్నది ఉన్నట్టు, నిపుణుల అభ్యంతరాలను, అమర్‌నాథ్ జవాబును జతచేసి, తేదీ ప్రకటించి మరీ అచ్చు వేయాలి. రెండు సీజన్ల ఫొటోలు, డ్రాయింగులు, నోటుపుస్తకాలు స్కాన్ చేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. రాష్ట్రాలైనా, విశ్వవిద్యాలయాలైనా దేశంలో ఎక్కడ తవ్వాలన్నా అనుమతి ఇచ్చేది ఈ సంస్థే. ప్రతి పొరకూ త్రీడీ రికార్డు తీసి, గడువులోగా బహిరంగపరచాలన్న షరతును ఆ అనుమతి పత్రంలో చేర్చి, ముందుగా తన తవ్వకాలకే వర్తింపజేయాలి.